పేరు రాయని చీటీ

మా చర్చిలో ప్రసంగానికి ముందు ప్రార్థన మనవులు చదువుతారు. ద్వారం పక్కన చిన్న చెక్కపెట్టె ఉంటుంది. ఎవరి బాధ వాళ్లు చీటీ మీద రాసి అందులో వేస్తారు. పేరు రాయాలన్న నియమం లేదు. జ్వరంతో ఉన్న ఒక బిడ్డ కోసం, పని దొరకని ఒక సహోదరుడి కోసం అని సంఘ పెద్ద ఒక్కొక్కటే చదువుతుంటే అందరం కళ్లు మూసుకుని ఆమెన్ అంటాం. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను చూస్తున్న పద్ధతి ఇది. మా అమ్మ వర్ని వైపు కాలువ ఊళ్లన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఆమెకు చదవడం వచ్చు గాని రాయడం తడబాటు. ఆమె చీటీలన్నీ చిన్నప్పుడు నేనే రాసేదాన్ని. అట్లా చీటీ రాయడం నాకు బాగా అలవాటైన పని.

ఒక ఆదివారం ఆ పెట్టెలో నేను వేసిన చీటీ గురించి ఇప్పుడు రాస్తున్నాను.

నాకొక చెల్లెలు. నాకంటే ఆరేళ్లు చిన్న. బోధన్ బస్టాండు దగ్గర ఆమె భర్తకు చెరుకు రసం బండి ఉండేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన ఆ బండి దగ్గరే కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నలభై రోజుల కూడిక అయిన వారానికే మా చెల్లెలు బండి తాళం తీసింది. పాటల బృందంలో పై శ్రుతి అందుకునే మనిషి బస్టాండులో నిలబడి గడలు తిప్పడమేమిటని మా ఆడవాళ్లు గొణుక్కున్నారు. నాకూ నచ్చలేదు. ఆమె మాత్రం ఆదివారం పొద్దున పాడి, మధ్యాహ్నానికి బండి దగ్గర ఉండేది.

వానలు మొదలైన రోజుల్లో ఒకసారి మా ఇంటికి వచ్చింది. ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం.

"అక్కా, నీకొకటి చెప్త. ఎవ్వరికి చెప్పకు."

"ఏందే?"

"ఆదివారం పాట పాడుతున్న గదా. నోరు పాడుతది. లోపట ఎవ్వరు లేరు."

"దేవుని మీద కోపమొచ్చిందా?"

"కోపమొస్తే బాగుండు. కోపమొస్తే ఆయన ఉన్నట్టే గదా. ఏం లేదక్కా. ఖాళీ."

నేను వెంటనే మూడు వాక్యాలు చెప్పాను. అధ్యాయంతో, వచనంతో సహా. ఆమె గింజలు తీస్తూనే విన్నది.

"గవన్ని నాకు గూడ వస్తయక్కా. నీ పక్కన కూసొనే నేర్చుకున్న."

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. బీపీ చూసే డాక్టర్ ఆమెను నిజామాబాదులో ఒక మేడమ్ దగ్గరికి పంపాడట. రెండుసార్లు పోయి వచ్చిందట.

"మందులిస్తదా?" అని అడిగాను.

"ఇయ్యదు. మాట్లాడుతది. చావు గురించి నువ్వేమనుకుంటవ్ అని అడిగింది."

"మొగడు పోయినదాన్ని పట్టుకొని చావు గురించి అడుగుతదా? గదేం మనిషే!"

మా చెల్లెలు నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి. "అందరు అదొక్కటి తప్ప అన్ని అడుగుతున్నరక్కా. తిన్నవా, పన్నవా, బండెందుకు పెట్టినవ్ అని. ఆమె ఒక్కతే గదడిగింది" అన్నది.

ఆ శనివారం నేను చీటీ రాశాను. "భర్తను కోల్పోయి, పాటల బృందంలో సేవ చేస్తూ, విశ్వాసంలో సన్నగిల్లిన ఒక సహోదరి కోసం. లోకజ్ఞానం ఆమెను మోసగించకుండునట్లు." పేరు రాయలేదు. పేరు రాయనందుకు నా మీద నాకు తృప్తి కూడా కలిగింది. మా పాటల బృందంలో పదకొండు మంది. అందులో భర్త లేనిది ఒక్కతే. ఆ సంగతి అప్పుడు తోచలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. తోచింది. తోచినా మడిచి పెట్టెలో వేశాను.

ఈ పేజీల్లో కూడా ఎవరి పేరూ లేదు. అది సరిపోదని ఇప్పుడు నాకు తెలుసు. అందుకే ముందుగా ఆమెకు చదివి వినిపించాను. వద్దన్న రెండు చోట్ల కొట్టేశాను. "నన్ను మంచిదాన్ని చేసి రాయకు" అన్నది. అదొక్కటే ఆమె షరతు.

సంఘ పెద్ద ఆ చీటీ చదువుతున్నప్పుడు నేను మధ్యలో కళ్లు తెరిచాను. ఇంకా చాలామంది తెరిచారు. ముందు వరుసల్లో తలలన్నీ కుడివైపు, పాటల బృందం వైపు తిరిగి ఉన్నాయి. మా చెల్లెలు పాటల పుస్తకం రెండు చేతుల్లో పట్టుకుని నేల వైపు చూస్తున్నది. ప్రార్థన తర్వాత పాట. నాలుగు చరణాలూ పాడింది. ఒక్క చోట కూడా గొంతు జారలేదు. దీవెన అయ్యాక పుస్తకం కుర్చీలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

బుధవారం మా స్త్రీల సమాజం నుంచి ఎనిమిది మందిమి ఆమె ఇంటికి ప్రార్థనకు వెళ్లాం. ఆమె గడప దాటనివ్వలేదు.

"బండి మీద నిలబడితె దేవుడెట్ల యాదికొస్తడు బిడ్డా, బస్సులే యాదికొస్తయ్" అని మాలో పెద్దామె అన్నది.

"బస్సులు టైముకన్న వస్తయవ్వా" అన్నది మా చెల్లెలు. "మీరు ప్రార్థన జేసుకోండ్రి. నన్ను మాత్రం ఒదిలిపెట్టుండ్రి."

అందరూ మెట్లు దిగారు. నేను చివర ఉన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కా, గా చీటీ ఎవరు రాసిండ్రో?"

"దేవునికే ఎర్క" అన్నాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి చెయ్యి వదిలింది. తలుపు మెల్లగా వేసుకుంది.

నేను ఆ రోజు నుంచి ఉదయం సాయంత్రం మోకాళ్ల మీద పడ్డాను. చేసింది ఒప్పుకున్నాను. ఒప్పుకున్న ప్రతిసారీ తేలికై లేచేదాన్ని. మధ్యాహ్నానికి మళ్లీ ఆమె చెయ్యి నా మణికట్టు మీద ఉన్నట్టే ఉండేది. మనసు అట్లా ఉన్నప్పుడు తప్పంతా ఎవరి మీదకైనా నెట్టాలనిపిస్తుంది. నాకు నిజామాబాదు మేడమ్ దొరికింది. ఆమె దగ్గరికి పోకపోతే మా చెల్లెలికి ఆ మాటలు వచ్చేవి కావు, ఆ మాటలు రాకపోతే నేను చీటీ రాసేదాన్ని కాను. అక్కడ ఏం జరుగుతున్నదో చూసి రావాలని ఒక మంగళవారం ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ మీద బస్సెక్కాను. ఖలీల్‌వాడి సందుల్లో ఒక స్కానింగ్ సెంటర్ మీద ఆమె గది ఉంది. కింద ఫారం నింపమన్నారు. సమస్య అన్నచోట "నిద్ర పట్టడం లేదు" అని రాశాను. లోపలికి పోవడానికి ఏదో ఒకటి రాయాలి కదా.

మేడమ్ నలభై దాటిన మనిషి. సాదా కాటన్ చీర. గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలు, ఇద్దరికీ కనిపించే గడియారం, నీళ్ల సీసా. ఏ మతం గుర్తూ లేదు. నేను కూర్చోగానే మొదలుపెట్టాను.

"మా చెల్లె మీ దగ్గరికి వస్తది. ఆమెకు మీరేం నేర్పుతున్నరు, డాక్టరమ్మా?"

"నేను డాక్టర్ను కాదమ్మా. మందులు రాయను" అన్నది. "ఎవరొస్తరు, ఎవరు రారన్నది కూడ చెప్పను. మీరనే కాదు, ఎవరడిగినా ఇదే మాట. రేపు మీ గురించి ఎవరన్న వచ్చి అడిగినా ఇదే."

నాకు ముఖం మీద చల్లటి నీళ్లు కొట్టినట్టయింది. ఈమె ఏ సంఘంలోనూ లేదు, ప్రభువు బల్ల దగ్గర మోకరించలేదు. ఒక మనిషి చెప్పిన మాటను తన దగ్గర పెట్టుకోవడం ఆమెకు వచ్చు. యాభై ఏళ్లు వాక్యం విన్న నాకు రాలేదు.

"ఫారంల నిద్ర పడతలేదని రాసిండ్రు. నిజంగనా, లోపటికి రానీకె రాసిండ్రా?"

"రెండూ" అన్నాను.

ఆమె గట్టిగా నవ్వింది. "అయితె మొదటిదాని గురించి మాట్లాడుదాం. వచ్చినందుకు అన్న పనికొస్తది."

ఇది ఏ రకం వైద్యమని అడిగాను. అస్తిత్వవాద చికిత్స అంటారట. పేరు వినగానే నాకు అనుమానం పెరిగింది. దేవుడు లేడని చెప్పే చదువేమో అనుకున్నాను. అదే అన్నాను.

"మీ దేవుని గురించి నేను చెప్పేదేం లేదమ్మా. మీకే బాగ తెలుసు" అన్నది. "కొన్ని బాధలు జబ్బు వల్ల వస్తయి. వాటికి డాక్టరున్నడు, అవసరమైతే నేనే పంపుత. కొన్ని మనిషై పుట్టినందుకే వస్తయి. ఒకనాడు పోతమని తెల్సు. ఇంటినిండ మంది ఉన్నా మన బతుకు మనమే మొయ్యాలె. ఏది చెయ్యాలె, ఏది ఒద్దు, మనమే తేల్చుకోవాలె. ఎందుకు బతుకుతున్నం అని ఒక్కోనాడు అర్థం కాదు. వీటికి గోలీ లేదు. వీటిని చూసి పారిపోకుంట, ఇంకో మనిషి ఎదురుంగ కూసొని మాట్లాడాలె. గంతే నా పని."

"మా దగ్గర వీటన్నిటికి జవాబులున్నయి."

"మంచిదే. మరి నిద్రెందుకు పడతలేదు?"

కోపంతో లేచి వచ్చేశాను. మరో మంగళవారం మళ్లీ వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇంట్లో చెప్పలేదు. అంగన్‌వాడీలో నా ఉద్యోగం పని మీద అన్నాను. అదీ అబద్ధమే. ఒకటి దాచడానికి ఇంకొకటి.

ఆమె ఏదడిగినా నా నోటికి వాక్యమే వచ్చేది. అది నా దోషమని ఇప్పటికీ అనుకోను. అన్నం తిన్న నోటికి అన్నం వాసనే ఉంటుంది. ఆమె ఒక్కసారి కూడా దాన్ని కాదనలేదు. "అది వాక్యం. దాన్ని పట్టుకొని మీరేం చేసిండ్రు?" అని అడిగేది. ఆ ప్రశ్నకు నా దగ్గర సొంత వాక్యం ఒక్కటి కూడా ఉండేది కాదు. గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. ఆమె కూడా తొందర లేకుండా కూర్చునేది. అంత సేపు మాట లేకుండా ఇంకొక మనిషి ముందు నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరైనా ఏడిస్తే ప్రార్థన చేయడం, ఊరుకుంటే పాట ఎత్తుకోవడం మా అలవాటు.

మూడోసారికి చీటీ సంగతి చెప్పాను. నాలుగోసారికి గడప దగ్గర చెప్పిన అబద్ధం చెప్పాను. దేవుని పేరు పెట్టి ఆడిన అబద్ధం. చెప్పి, ఎదురుచూశాను. మంచి మనసుతోనే చేశావు కదమ్మా అంటుందని. మా చర్చిలో ఎవరికి చెప్పినా ఆ మాటే అంటారు. ఆ మాట కోసమే అంత దూరం బస్సులో వచ్చానని అప్పుడు తెలిసింది.

ఆమె అనలేదు.

"ఇది ఊరికె వచ్చిన బాధ కాదమ్మా. కొందరు ఏం చెయ్యకుండనె తప్పు చేసిన్నని కుములుతరు, దాన్ని విప్పిజూపిస్త. మీరు నిజంగ ఒకటి చేసిండ్రు. ఈ బాధను నేను తీసేస్తె మీకు అన్యాయం చేసినట్టె. ఇది మిమ్మల్ని ఎటో నడువుమంటున్నది."

"నేను దేవుని ముందు రోజూ ఒప్పుకుంటున్న. ఆయన క్షమించిండు. అది నేను నమ్ముత."

"నమ్మండి. దేవుడు మాఫ్ జేసిండు. మీ చెల్లెకు చెప్పిండ్రా?"

ఇరవై ఏళ్లు సండేస్కూలు చెప్పాను. కానుక తెచ్చినవాడు, సహోదరునికి తన మీద ఫిర్యాదు ఉందని గుర్తొస్తే, ఆ కానుకను బలిపీఠం ముందే విడిచి మొదట వెళ్లి సమాధానపడాలి. బొమ్మల చార్టు పెట్టి పిల్లలను అడిగేదాన్ని, "మొదట ఏం చేయాలె?" అని. చిన్న తరగతి వాళ్లు కూడా "మొదట పోవాలె" అని అరిచేవాళ్లు. వాక్యం చదవని ఒక మనిషి నాకు ఆ పాఠం అప్పజెప్పింది. నా కానుక చేతిలోనే ఉంది. రోజుకు రెండుసార్లు పీఠం దగ్గరికి పోయి తేలికై వస్తున్నాను. మా చెల్లెలు మాత్రం బస్టాండులో ఒంటరిగా నిలబడి ఉంది.

లేచే ముందు ఆమె ఇంకొకటి అడిగింది. "మీ చెల్లె లోపల ఖాళీ అన్నప్పుడు మీకేమైంది?"

"భయమైంది."

"ఆమె గురించా?"

గడియారం వైపు చూశాను. టైమయింది.

తర్వాత రెండు వారాలు ఇల్లు కదల్లేదు. బస్టాండు మీదుగా పోవాల్సి వస్తే ఆటోలో తల దించుకున్నాను. చివరికి ఎండలు మొదలవుతున్న రోజుల్లో, ఒక సోమవారం మధ్యాహ్నం, నడుచుకుంటూ బండి దగ్గరికి వెళ్లాను. చీటీ వేసి అప్పటికి ఏడు నెలలు. ఆమె చెరుకు గడలు గీకుతున్నది. ఇప్పుడు మా దిక్కు వరే ఎక్కువ, చెరుకు వెతికి తెచ్చుకోవాలి. గడలు సన్నగా ఉన్నాయి.

"అల్లం ఎయ్యాల్నా?" అన్నది, గిరాకీతో అన్నట్టే.

"రసం వద్దు. నీతోని మాట్లాడాలె."

"మాట్లాడు. చేతులు ఖాళీ లేవు, చెవులు ఖాళీనే."

అంతలో ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. మరాఠీ మనిషి. "బర్ఫ్ నకో, తాయీ" అన్నాడు. ఆమె ఐసు లేకుండా రెండు గ్లాసులు తీసింది. మిషన్ చప్పుడులో నేను మాట్లాడలేకపోయాను. అతను తాగి వెళ్లేదాకా నిలబడ్డాను. ఆ కాసేపట్లో మనసు మార్చుకుని పోదామని రెండుసార్లు అనుకున్నాను.

"గా చీటీ నేనే రాసిన" అన్నాను.

ఆమె పిప్పిని బకెట్లో వేసింది.

"తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"నీకు తప్ప ఎవ్వరికి చెప్పలే. ఇంకెట్ల తెలుస్తది?"

"మరి ఆనాడు నన్నెందుకు అడిగినవ్?"

"నేనే రాసిన్నని అంటవేమో అని. అంటే గన్క తిట్టి లోపటికి పిలుద్దామనుకున్న. చాయ్ గూడ పెట్టిన పొయ్యి మీద." గడ గీకుతూనే ఉన్నది. "నువ్వు దేవుని అడ్డం పెట్టుకున్నవ్."

ఏడు నెలలు ఆమెకు తెలుసు. ఏడు నెలలు నేను ఆమె కోసం పేరు పెట్టి మా సమాజంలో ప్రార్థన చేయిస్తూనే ఉన్నాను.

"ఎందుకు రాసినవక్కా? నిజం చెప్పు. నా ఆత్మ కోసమని మాత్రం అనకు."

"భయమై రాసిన" అన్నాను. "నువ్వు చెప్పింది నాకు గూడ అయింది. అమ్మ పోయేటప్పుడు మంచం దగ్గర ప్రార్థన చేసింది నేనే గదా. అందరు ఏడ్చిండ్రు. నా లోపట ఏం లేకుండె. మాటలు పోతున్నయ్, ఎవ్వరు వింటున్నట్టు లేదు. గది నేను ఎవ్వరికి చెప్పలే. నువ్వు అదే మాట చింతపండు ముందు కూసొని అనంగనే, నీ పక్కన కూసునే ధైర్యం లేకపాయె. ఆ బరువు అందరి మీద వేసేసిన."

మాట బయటికి వచ్చాక చుట్టూ చూశాను. ఎవరూ వినలేదు. ఆర్మూర్ బస్సు వెనక్కి తీస్తుంటే కండక్టర్ అరుస్తున్నాడు. బైబిల్లో బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకున్న ఒక భక్తుడి దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదట ఏడు రోజులు అతని పక్కన నేల మీద ఊరికే కూర్చున్నారు. నోరు విప్పాకే వాళ్లు తప్పు చేశారు. నేను ఏడు నిమిషాలు కూర్చోలేకపోయాను.

"మాఫ్ జెయ్యే" అన్నాను.

"జేసిన అంటె ఏం జేస్తవో నాకు తెల్సు" అన్నది. "ఆదివారం లేచి సాక్ష్యం చెప్తవ్. విరిగిన కుటుంబాన్ని ప్రభువు కలిపిండు అంటవ్. అందరు హల్లెలూయ అంటరు. నేను మల్ల చీటీనైత."

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఇంటి నుంచి నడిచి వస్తూ దారిలో ఆ సాక్ష్యానికి మొదటి మాటలు నేను అప్పటికే పేర్చుకున్నాను. ఆ సంగతి కూడా చెప్పేశాను.

"చెప్పను" అన్నాను. "సాక్ష్యం చెప్పను."

ఆమె ఇంకో గడ అందుకుంది. అయిదారుగురు కాలేజీ ఆడపిల్లలు వచ్చారు. ఒక్కసారే అన్ని గ్లాసులూ అయిపోయాయి. ఆమె మిషన్ తిప్పుతూ, నిమ్మకాయ కోస్తూ, గ్లాసుల కోసం చూసింది. నేను చీర కొంగు దోపుకుని నీళ్ల బకెట్ దగ్గర కూర్చుని కడగడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. రమ్మనలేదు. పిల్లల్లో ఒకామె "అత్తా, ఈ అవ్వ ఎవరు?" అని అడిగింది.

"మా అక్క" అన్నది.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ సంఘ పెద్ద అలవాటుగా నా వైపు చూశారు. నేను కూర్చునే ఉన్నాను. మా చెల్లెలి కుర్చీ ఖాళీగానే ఉంది. ఆమె తిరిగి వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తుందని నమ్ముతున్నాను. అడగను. ఆమె గురించి ప్రార్థన మానలేదు గాని బయటికి వినిపించేట్టు చేయడం మానేశాను. నిజామాబాదు గదికి ఇప్పటికీ నెలకొకసారి పోతాను. ఇంట్లో చెప్పే పోతాను.

క్షమించానని ఆమె ఇంతవరకూ అనలేదు. ఆ సోమవారం పొద్దు వాలుతుండగా గ్లాసులన్నీ బోర్లించి నేను లేచాను. రేపు కూడ రావాల్నా అని అడిగాను.

"రేపొద్దు" అన్నది, మిషన్ తుడుస్తూ. "బేస్తవారం రా. ఆనాడు గిరాకీ ఎక్కువుంటది, కడగనీకె మనిషి కావాలె. ఒస్తె మాత్రం నోరు మూసుకొని కూసోవాలె."

బేస్తవారం పోయాను.